పాత డచ్చి రవికె, మీద అద్దకం మనదేనా? తేల్చడం ఎలా?

సూదిబెజ్జం · మంగళవారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. మాది గుడివాడ దగ్గర పల్లెటూరు. పెళ్ళయ్యాక నెదర్లాండ్స్ వచ్చి తొమ్మిదేళ్ళయింది. ఇక్కడ ఫ్రీస్‌లాండ్‌లో ఓ చిన్న ఊరి మ్యూజియంలో మంగళవారాలు జీతం లేని పని చేస్తుంటాను. పనంటే పాత బట్టల పెట్టెలు తెరవడం, చీటీ మీద రాసింది లోపలున్న బట్టకి సరిపోతోందో లేదో చూడటం, టిష్యూ కాగితాలు మార్చి మళ్ళీ మూయడం. అంతే.

ఇవాళ తెరిచిన పెట్టెలో ఆడవాళ్ళ జాకెట్ ఒకటి ఉంది. ఇక్కడ ‘యాక్’ అంటారు. మన పొడుగు చేతుల రవికెకి నడుం కింద జానెడు గుడ్డ వేలాడితే ఎలా ఉంటుందో అలా ఉంటుంది. ముందువైపు తెరుచుకుంటుంది, వెనక నడుం దగ్గర మడతలు. పైగుడ్డ నూలు. తెల్లటి నేల మీద ఎర్రవి, ఊదావి పెద్ద పెద్ద పువ్వులు, మెలికలు తిరిగిన కొమ్మలు, ఆకులు. లోపల అస్తరు నార గుడ్డ. పెట్టెకి రెండు చీటీలున్నాయి. టైపు చేసినదాంట్లో ‘జాకెట్, భారతీయ సిట్స్, 1750 ప్రాంతం’ అని ఉంది. దాని వెనక గుండుసూదితో గుచ్చిన పాత చేతిరాత చీటీలో ఒకటే మాట: ‘పర్షియన్’.

సిట్స్ అంటే చీటి గుడ్డే, పూల అద్దకం నూలు గుడ్డ. మా అమ్మమ్మ ‘చీటి పరికిణీ’ అనేదే, ఆ చీటి. ఆ మాట ఇక్కడ డచ్చి చీటీ మీద కనబడేసరికి రెండుసార్లు చదువుకున్నాను.

ఇన్‌ఛార్జి మేడం ఒకటే అడిగింది: “భారతీయం అని ఎవరు తేల్చారు, దేన్ని చూసి తేల్చారు?” ఎవరి దగ్గరా జవాబు లేదు. ఫొటోలు బయట పెట్టడానికి ఒప్పుకోరు, కాబట్టి నేను చూసింది చూసినట్టు రాస్తాను. ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలో చెప్పండి.

బందరు_బాబాయ్ · మంగళవారం, రాత్రి 10:05

ఇందులో తేల్చడానికేముందమ్మా! అది మా బందరుదే. డచ్చివాళ్ళు 1605లోనే మచిలీపట్నంలో దిగారు. వాళ్ళ సమాధులు ఇప్పటికీ ఊళ్ళో ఉన్నాయి, చిన్నప్పుడు ఆ రాళ్ళ మీద కూర్చుని జామకాయలు తిన్నవాణ్ణి. డచ్చి ఊళ్ళో అద్దకం గుడ్డ దొరికితే అది ఇంకెక్కణ్ణుంచి వస్తుంది? చీటీ మీద ‘మచిలీపట్నం’ అని రాసేయ్, నేను పూచీ.

చిలిపికాకి · మంగళవారం, రాత్రి 10:11

బాబాయ్ గారి పూచీకత్తుని మ్యూజియంవాళ్ళు స్టాంపు పేపరు మీద అడుగుతారేమో!

పుస్తకాలపురుగు · మంగళవారం, రాత్రి 11:20

బాబాయ్ గారూ, ఆగండాగండి. డచ్చి ఈస్ట్ ఇండియా కంపెనీకి మచిలీపట్నం ఒక్కటే కాదు. పులికాట్‌లో 1613లో కోట కట్టుకున్నారు. పాలకొల్లు, ద్రాక్షారామం, భీమునిపట్నం, దక్షిణాన సద్రాసు, నాగపట్నం అన్నిచోట్లా గుడ్డ కొన్నారు. కోరమాండల్ తీరం, అంటే మన తూర్పు తీరం పొడుగునా అద్దకం పని ఉండేది.

సూదిబెజ్జం గారూ, మీ జాకెట్‌కి పుట్టుక ఒకటి కాదు, మూడు. గుడ్డ నేసింది ఎక్కడ, రంగు వేసింది ఎక్కడ, కత్తిరించి కుట్టింది ఎక్కడ. మూడింటికీ విడివిడిగా ఆధారం కావాలి. యూరప్‌లో అద్దేవాళ్ళు చాలామంది మన తెల్ల గుడ్డనే తెప్పించుకుని దాని మీద తమ అచ్చులు కొట్టుకున్నారు. నెదర్లాండ్స్‌లోనే 1678లో అమెర్స్‌ఫోర్ట్‌లో అద్దకం ఖార్ఖానా పెట్టారు. అంటే గుడ్డ మనదై, పువ్వు వాళ్ళది కావచ్చు.

‘పర్షియన్’ అని రాసినాయన్ని చూసి నవ్వకండి. 17వ శతాబ్దంలో మచిలీపట్నం రేవులో పర్షియా వర్తకులది పెద్ద చేయి. కలంకారీ అన్న మాటే పార్సీ మాట. ఆ పేరు చీటీ మీదికి ఎక్కడానికి దారి ఉంది.

అచ్చుకొట్టు · బుధవారం, ఉదయం 6:30

మాది పెడన. నాన్న, తాత అందరూ అచ్చు పనివాళ్ళే. నేను చెప్పేది సింపుల్. అచ్చు కొట్టిన గుడ్డ అయితే అదే పువ్వు మళ్ళీ మళ్ళీ అచ్చుగుద్దినట్టు వస్తుంది. ఒక అచ్చు పక్కన ఇంకో అచ్చు సరిగ్గా పడాలని మూలల్లో చిన్న మేకులు పెడతారు, యూరప్ అచ్చుల్లో అవి గుడ్డ మీద చుక్కల్లా పడతాయి. అవి వెతకండి. ఉంటే అక్కడిది. పువ్వు పువ్వుకీ తేడా ఉంటే చేత్తో గీసింది, అంటే మనది.

ఇంకోటి, నీలం చూడండి. మనవాళ్ళు నీలం రావాల్సిన చోటు వదిలి మిగతా అంతా మైనం పూసి, గుడ్డ మొత్తాన్ని నీలిమందు గాబులో ముంచేవాళ్ళు. ముంచింది కాబట్టి వెనకవైపు కూడా నీలం అంతే గట్టిగా ఉంటుంది. యూరప్‌వాళ్ళు చాలాకాలం నీలాన్ని కుంచెతో పైన పూసేవాళ్ళు. అలా పూసిన నీలం వెనక్కి దిగదు, గీత దాటి బయటికి కూడా పోతుంది. పువ్వు సంగతి పక్కన పెట్టి ముందు గుడ్డ తిరగేసి చూడండి మేడం.

సూదిబెజ్జం · బుధవారం, మధ్యాహ్నం 2:15

మంచి మాట చెప్పారు. కానీ తిరగేయడం ఎలా, లోపలంతా అస్తరు కుట్టేసి ఉంది. కుట్టు విప్పే హక్కు నాకు లేదు. వెనక కింది అంచు దగ్గర నాలుగు వేళ్ళ మేర కుట్టు ఎప్పుడో ఊడిపోయింది, వచ్చే మంగళవారం అందులోంచి చూస్తాను.

ఆకులు మాత్రం పచ్చగానే ఉన్నాయి, నీలం ఎక్కడా కనబడలేదు.

కలంపోటు · బుధవారం, సాయంత్రం 5:50

ఆకులు పచ్చగా ఉన్నాయంటే నాకు అనుమానం. ఏ వెలుతురులో చూశారు? నేను శ్రీకాళహస్తిలో ఆరేళ్ళు కలం పట్టాను. ఈ పనిలో ఆకుపచ్చ అని విడిగా రంగు ఉండదండీ. ముందు నీలం, దాని మీద కలంతో పసుపు. రెండూ కలిస్తే పచ్చ. నీలం వందల ఏళ్ళు ఉంటుంది, పసుపు నిలవదు. మేము పసుపుకి కరక్కాయ పువ్వు వాడతాం. నేను వేసిన బొమ్మే ఒకటి మా అత్తగారింట్లో కిటికీ ఎదురుగా తగిలించారు. మూడేళ్ళకే రాముడు పక్కనున్న చెట్టు నీలిరంగు చెట్టయిపోయింది. వద్దంటే విన్నారు కాదు.

అందుకే పాత గుడ్డల్లో ఆకులు సాధారణంగా నీలంగా మిగులుతాయి. మూడొందల ఏళ్ళ నాటి ఆకు ఇంకా నిండు పచ్చగా ఉంటే నాకు టెన్షన్.

అచ్చుకొట్టు గారూ, ఒకచోట మీతో ఒప్పుకోను. పువ్వు మళ్ళీ మళ్ళీ వచ్చినంత మాత్రాన అచ్చు అనలేం. కాగితం మీద బొమ్మ గీసి, గీత వెంట సూదితో బెజ్జాలు పెట్టి, గుడ్డ మీద పరిచి బొగ్గుపొడి మూట కొడితే చుక్కల బొమ్మ దిగుతుంది. ఆ చుక్కల మీద కలం నడుపుతాం. ఒకే కాగితం పదిసార్లు వాడితే ఒకే పువ్వు పదిసార్లు. తేడా గీతలో తెలుస్తుంది, మొదట లావుగా పడి, కలంలో రంగు అయిపోయేకొద్దీ సన్నబడుతుంది.

అచ్చుకొట్టు · బుధవారం, రాత్రి 8:02

నిజమే, బొగ్గుపొడి సంగతి మరిచిపోయాను. ఒప్పుకుంటున్నా. నీలం సంగతి మాత్రం వెనక్కి తీసుకోను.

టైలర్_భారతి · గురువారం, ఉదయం 11:00

గుంటూరులో బొటిక్ నాది. రంగుల సంగతి మీరు చూసుకోండి, కుట్టు సంగతి నేను అడుగుతాను. సూదిబెజ్జం, నువ్వు నాకంటే చిన్నదానివి అనుకుని అంటున్నాను, చీటీల గొడవ వదిలి చంక దగ్గర చూడమ్మా. ఎవరి బట్టకైనా నిజం చంకలోనే ఉంటుంది. ముక్కలు ఎన్ని అతికారు? పువ్వులు అన్ని ముక్కల్లోనూ తలపైకే ఉన్నాయా? వాడని కుట్టు బెజ్జాలు ఎక్కడైనా వరసగా ఉన్నాయా? దారం అంతటా ఒకటేనా? మిషను కుట్టు ఒక్కటైనా కనబడితే అది 1850ల తరవాత ఎవరో చేయి పెట్టిన చోటు.

చిలిపికాకి · గురువారం, మధ్యాహ్నం 1:30

నాదో తెలివితక్కువ ప్రశ్న. పూల గుడ్డ కట్టుకోవడానికి వాళ్ళకింత మోజేంటి? వాళ్ళకి గుడ్డలు లేవా?

పుస్తకాలపురుగు · గురువారం, రాత్రి 10:45

తెలివితక్కువదేం కాదు. ఉన్నాయి, కానీ ఉన్ని, పట్టు, నార. ఉన్ని ఉతకడం కష్టం, పట్టు ఖరీదు. ఉతికినా రంగు పోని, తేలికైన పూల గుడ్డ వాళ్ళకి కొత్త. మొదట్లో అది ఒంటి మీదికి రాలేదు, గోడల మీదికీ మంచాల మీదికీ వచ్చింది. లండన్‌లో సామ్యూల్ పీప్స్ అనే ఆయన 1663లో భార్యకి చీటి గుడ్డ కొన్నాడు, ఆవిడ చదువుకునే గదికి అస్తరు వేయడానికి! పక్కదుప్పటి గుడ్డ పావడాగా మారింది ఆ తరవాతే.

మారిన తరవాత గొడవలు. ఫ్రాన్స్ 1686లో నిషేధించి 1759 దాకా ఎత్తలేదు. ఇంగ్లండ్ 1700లో ఒక చట్టం చేసింది, అందులో పర్షియా, చైనా, ఈస్ట్ ఇండియా గుడ్డలని ఒకే వరసలో రాశారు. అది చాలక 1721లో ఇంకో చట్టం. మధ్యలో 1719లో లండన్ స్పిటల్‌ఫీల్డ్స్ పట్టు నేతగాళ్ళు వీధుల్లో చీటి గుడ్డ కట్టుకున్న ఆడవాళ్ళని ఆపి బట్టలు చింపారు, సిరా పోశారు, ఆసిడ్ కూడా పోశారు. వాళ్ళ పొట్ట కొట్టింది కంపెనీ వర్తకులు, దెబ్బలు తిన్నది వీధిలో పోయే ఆడది. ఇది చదివినప్పుడల్లా నాకు ఒళ్ళు మండుతుంది.

నెదర్లాండ్స్‌లో అలాంటి నిషేధం లేదు. అందుకే అక్కడ పల్లెల్లో కూడా ఈ గుడ్డలు ఇప్పటికీ పెట్టెల్లో ఉన్నాయి.

సూదిబెజ్జం · శుక్రవారం, ఉదయం 7:10

అవునండీ, మా పక్కనే హిండెలోపెన్ అని సముద్రపు ఒడ్డు ఊరు. అక్కడి ఆడవాళ్ళు ‘వెంట్కె’ అని పాదాల దాకా ఉండే చీటి గుడ్డ కోటు వేసుకునేవాళ్ళు. మామూలు రోజుల్లో ఎరుపు, ఇంట్లో చావు జరిగితే ఎరుపు పోయి నీలం, తెలుపు. లేవార్డెన్‌లో ఫ్రీస్ మ్యూజియంకి వెళ్ళినప్పుడు చూశాను. ఎక్కడో మన కాలువ నీళ్ళలో ఉతికిన గుడ్డ ఇక్కడ మైలబట్ట అయింది! మా ఆయనకి చెప్తే “అంటే ఇక్కడ నీలం చీర కట్టుకుని పేరంటానికి వెళ్ళకూడదన్నమాట” అన్నాడు.

అచ్చుకొట్టు · శుక్రవారం, ఉదయం 7:32

నీలం తెలుపు రెండే ఉన్న గుడ్డ అయితే నేను చెప్పిన వెనకవైపు పరీక్ష చాలదు మేడం. అలాంటివి యూరప్‌వాళ్ళు కూడా మైనం పెట్టి ముంచారు. ఎరుపు, ఊదా, నీలం మూడూ ఒకే గుడ్డ మీద ఉంటేనే ఆ పరీక్షకి విలువ.

రంగులరసాయనం · శనివారం, సాయంత్రం 4:20

ఆలస్యంగా వచ్చాను. ఎరుపు గురించి ఎవరూ అడగలేదేం? అసలు గుట్టంతా అక్కడే ఉంది.

మన ఎరుపు చిరివేరుది. ఇసుక నేలల్లో పెరిగే చిన్న మొక్క, సన్నటి వేర్లు. నిజాంపట్నాన్ని అప్పటి ఇంగ్లిష్‌వాళ్ళు పెటపోలి అనేవాళ్ళు, అక్కడి వేరుకి 17వ శతాబ్దంలోనే పేరు. సామర్లకోటలో పనిచేసిన మొక్కల శాస్త్రవేత్త రాక్స్‌బర్గ్ 1795లో అచ్చయిన తన మొక్కల పుస్తకంలో దీని బొమ్మ వేయించి అద్దకం పద్ధతి కూడా రాశాడు. యూరప్ ఎరుపు మ్యాడర్ అనే వేరుది. రెండింట్లోనూ అలిజరిన్ అనే ఎర్ర రంగు పదార్థం ఉంటుంది. మ్యాడర్‌లో దానికి తోడు పర్పురిన్ అనే ఇంకో రంగు పదార్థం ఉంటుంది, చిరివేరులో అది కనబడదు. రెండు మిల్లీమీటర్ల పోగు ఇస్తే రంగు పదార్థాల్ని విడదీసి చూపే హెచ్‌పీఎల్‌సీ మిషను చెప్పేస్తుంది.

అయితే ఒక మెలిక. 1869 నుంచి బజారుకొచ్చిన కృత్రిమ అలిజరిన్‌లో కూడా పర్పురిన్ ఉండదు. కాబట్టి ‘పర్పురిన్ లేదు, కనుక చిరివేరు’ అని గుడ్డిగా రాయకూడదు, గుడ్డ పాతదని కుట్టు చెప్పాలి. భారతి గారి చంక ఇక్కడ పనికొస్తుంది.

అచ్చుకొట్టు · శనివారం, సాయంత్రం 4:41

నిజం సార్. మా దగ్గర ఇప్పుడు చాలామంది వాడేది అలిజరినే. జాజి ఆకు వేసి రాగి డేగిసాలో ఉడకబెడతాం. చిరివేరు తాత మాటల్లో విన్నదే ఎక్కువ. పటిక పెట్టిన చోట ఎరుపు, కసిం (ఇనుము ఊరబెట్టిన నీళ్ళు) పెట్టిన చోట నలుపు, రెండూ కలిపి పెట్టిన చోట ఊదా, అదంతా మారలేదు. కరక్కాయ, గేదె పాలు కూడా మారలేదు. పాల కొవ్వు ఉంటేనే గీత పక్కకి పాకదు.

సూదిబెజ్జం · శనివారం, రాత్రి 9:00

మిషను ఖర్చు మా మ్యూజియం భరించలేదండీ. ఏడాది బడ్జెట్‌లో కాఫీ పొడి కూడా లెక్కలోకే వస్తుంది. భూతద్దం ఉంది, పాత మైక్రోస్కోప్ ఒకటి ఉంది. వాటితోనే చూస్తాను.

సూదిబెజ్జం · మంగళవారం, రాత్రి 8:55

వచ్చాను. చాలా ఉంది, ఓపిగ్గా చదవండి.

ముందు నా తప్పు. ఆకులు పచ్చగా లేవు! పోయినవారం నేను చూసింది పసుప్పచ్చ బల్బు కింద. ఇవాళ ఇన్‌ఛార్జి మేడం తెర కొంచెం పక్కకి జరిపింది, ఉత్తరపు కిటికీ వెలుతురులో ఆకులన్నీ నీలం. కుడి చేతి కుట్టు మడత లోపలికి భూతద్దం పెట్టి చూస్తే, ఎండ తగలని ఆ సందులో ఒక ఆకు సగం నీలం, మడత లోపలి సగం ఇప్పటికీ పచ్చ. పొలం గట్టు మీది పచ్చ కాదు, మాగాయ ఊటలాంటి పచ్చ. కలంపోటు గారూ, మీరు గుర్తొచ్చారు.

ఊడిన అంచులోంచి వెనకవైపు చూశాను. నీలం రెండువైపులా ఒకేలా ఉంది. ఎరుపు వెనక కొంచెం పలచన. మేకు చుక్కలు ఎక్కడా దొరకలేదు. ఎర్ర పువ్వు రేకుల లోపల వెంట్రుకంత సన్నటి తెల్ల గీతలున్నాయి, ఒకదాన్ని ఒకటి తాకకుండా, రేకు ఒంపుతో పాటు ఒంపు తిరుగుతూ. ఒక రేకులో పన్నెండు లెక్కపెట్టాను, తరవాత కళ్ళు చెదిరాయి.

పోగులు మైక్రోస్కోప్ కింద పెట్టాను, అంచులో రాలిపోయి ఉన్నవే, పీకలేదు. పడుగు, పేక రెండూ నూలే. నారకి వెదురు కణుపుల్లా గుర్తులుంటాయి, అవి లేవు. నూలు పోగు మెలితిరిగిన రిబ్బనులా ఉంటుంది, అదే కనబడింది.

భారతి అక్కా, చంక. ఎడమ చంకలో మూడు ముక్కలు, కుడి చంకలో ఐదు. ఒక ముక్కలో పువ్వు తలకిందులు. అంచుల్లో పువ్వులు సగానికి తెగాయి. వెనక నడుం కింద వేలాడే గుడ్డ మీద వాడని కుట్టు బెజ్జాలు రెండు వరసలు, అడ్డంగా. నడుం మడతల దారం తెలుపు, చేతుల దారం కొంచెం గోధుమ రంగు. మిషను కుట్టు లేదు.

కలంపోటు · మంగళవారం, రాత్రి 9:20

ఆ తెల్ల గీతలు మైనంవి! ఎరుపుకి ముందే రేకులో మైనంతో గీతలు గీస్తే, రంగులో ఉడికాక మైనం పోయి తెలుపు మిగులుతుంది. నేను ఒక్క రేకులో ఐదు గీస్తేనే చేయి వణికేది. పన్నెండు గీసిన చేయి ఎవరిదో. నా వరకూ ఇది తేలిపోయింది, కలం పని, కోరమాండల్.

పుస్తకాలపురుగు · మంగళవారం, రాత్రి 10:00

నేనూ ఒప్పుకుంటాను. నూలు ఒక్కటే చూసి అయితే ఒప్పుకునేవాణ్ణి కాదు. 1736 నుంచి 1774 దాకా ఇంగ్లండ్‌లో వాడుకకి అద్దే నూలు గుడ్డకి నార పడుగు ఉండాల్సిందే కాబట్టి, ఆ కాలపు ఇంగ్లిష్ అద్దకం అన్న అనుమానం మాత్రం దాంతో చాలావరకు పోతుంది. డచ్చి అద్దకం అన్న అనుమానం పోదు. దాన్ని పోగొట్టింది నీలం, మైనం.

పువ్వు గురించి ఒక్కమాట. గుడ్డ మనది కాబట్టి పువ్వూ మన తోటలోదే అనుకోకండి. 1643లో ఇంగ్లిష్ కంపెనీ డైరెక్టర్లు సూరత్‌కి ఉత్తరం రాశారు. ఎర్ర నేల దుప్పట్లు ఇక్కడివాళ్ళకి నచ్చట్లేదు, నేల తెల్లగా పెట్టి కొమ్మలు, పువ్వులు రంగుల్లో వేయించండి అని. తరవాత బొమ్మల నమూనాలే పంపారు. యూరప్ కుట్టుపని పూలు, చైనా రాళ్ళూ కొండలూ, పర్షియా లతలూ అన్నీ కలిసిన తోట అది. అక్కడివాళ్ళు అడిగారు, మనవాళ్ళు తమకి నచ్చినట్టు గీశారు. సూదిబెజ్జం గారు చెప్పిన ‘తెల్లటి నేల’ ఆ కోరికదే.

టైలర్_భారతి · బుధవారం, ఉదయం 10:30

నాకైతే అడ్డంగా ఉన్న ఆ కుట్టు బెజ్జాల మీదే మనసంతా. రవికె వెనక్కి అడ్డ వరసలు ఎందుకొస్తాయి? ఆ గుడ్డ అంతకు ముందు వేరే ఏదో. పావడా కుచ్చిళ్ళ వరసైనా కావచ్చు, బొంత కుట్టైనా కావచ్చు. పువ్వులు పెద్దవని, అంచుల్లో సగానికి తెగాయని నువ్వే అన్నావు. కొత్త తానులోంచి కోస్తే ఏ దర్జీ అయినా ముందు ఒక నిండు పువ్వుని వీపు మధ్యకి తెచ్చుకుంటాడు. ఇక్కడ అలా లేదంటే మిగిలిన గుడ్డతో సరిపెట్టారు. తలకిందుల ముక్క కూడా అందుకే. కుడి చంకలో ఐదు ముక్కలంటే తరవాత ఒళ్ళు చేసిన ఇంకెవరికో వదులు చేశారు. అంటే ఒక బట్ట, కనీసం రెండు జీవితాలు, బహుశా మూడు.

అందుకని ‘1750’ అని ఒకే ఏడు వేయడం తప్పు. గుడ్డ ఎప్పటిదో వేరు, రవికె ఎప్పటిదో వేరు.

సూదిబెజ్జం · తరవాతి మంగళవారం, రాత్రి 9:15

ఇవాళ ఇంకో విశేషం. బట్టల మరమ్మతు చేసే ఆవిడ వచ్చింది, ఊడిన కుట్టుని సరిచేసే ముందు నన్ను పిలిచి అస్తరు ఎత్తి పట్టుకుంది. గుడ్డ వెనకవైపు, కింది మూలలో నల్లటి ముద్ర! సగమే ఉంది, మిగతా సగం కత్తెరలో పోయింది.

బందరు_బాబాయ్ · మంగళవారం, రాత్రి 9:17

నేను చెప్పలా! డచ్చి కంపెనీ ముద్ర. ఇక రాసేయ్ మచిలీపట్నం.

సూదిబెజ్జం · మంగళవారం, రాత్రి 9:31

బాబాయ్ గారూ, నేనూ అలాగే ఎగిరి గంతేశాను. కానీ డచ్చి కంపెనీ గుర్తు ఇక్కడ పిల్లలకి కూడా తెలుసు, వి అక్షరం కాళ్ళ మీద ఓ, సీ ఎక్కి కూర్చుంటాయి. ఇది అలా లేదు. తమలపాకుని నిలువునా సగానికి కోసినట్టుంది. లోపల అడ్డగీత, పైభాగంలో వి లాంటి అక్షరం, కింద ఐ అనుకుంటా.

పుస్తకాలపురుగు · మంగళవారం, రాత్రి 10:10

అది తమలపాకు కాదు, హృదయం గుర్తు. నాలుగు గదుల్లో వి, ఇ, ఐ, సి. ఇంగ్లిష్ ఈస్ట్ ఇండియా కంపెనీ ముద్ర! ఆ వి నిజానికి యు, యునైటెడ్ అని. 1709లో రెండు ఇంగ్లిష్ కంపెనీలు కలిసిపోయాక వచ్చిన పేరు. కాబట్టి గుడ్డ 1709కి ముందుది కాదు.

ఇంగ్లండ్‌లో కట్టుకోవడం నిషేధం అన్నాను కదా. కానీ తెచ్చి గోదాములో పెట్టి, వేలం వేసి బయట దేశాలకి అమ్ముకోవడం చట్టం ప్రకారమే సాగింది. అలా బయటికి వెళ్ళే దారుల్లో హాలండ్ ఒకటి. మీ గుడ్డ మన తీరం నుంచి లండన్ గోదాముకి, అక్కణ్ణుంచి డచ్చి రేవుకి చేరి ఉండాలి. లండన్ ఆడవాళ్ళు ఒంటి మీద వేసుకుంటే జరిమానా పడే గుడ్డ అన్నమాట.

బందరు_బాబాయ్ · మంగళవారం, రాత్రి 10:25

అయితే ఇంగ్లిష్‌వాళ్ళు కూడా 1611 నుంచి బందరులో ఉన్నారుగా?

పుస్తకాలపురుగు · మంగళవారం, రాత్రి 10:40

ఉన్నారు. కానీ 18వ శతాబ్దానికి వాళ్ళ పెద్ద దుకాణం చెన్నపట్నం. అద్దకం మంచి పనివాళ్ళు కూడా చాలామంది దక్షిణాన ఉన్నారు. ఈ అద్దకం పద్ధతి అడుగడుగునా రాసిపెట్టిన ఫ్రెంచివాళ్ళు ఇద్దరూ, 1734 ప్రాంతంలో బొల్యూ, 1742లో పాదిరీ కూర్దూ, పుదుచ్చేరి వైపు చూసి రాసినవాళ్ళే. బొల్యూ అయితే ప్రతి దశలోనూ గుడ్డ ముక్క కోసి కాగితాలకి అంటించాడు, అవి పారిస్‌లో ఇప్పటికీ ఉన్నాయి. ఆ కూర్దూయే తెలుగు నేర్చుకుని తెలుగు ఫ్రెంచి నిఘంటువు కూడా చేశాడు. అది మన సంతోషానికి చెప్తున్నాను, సాక్ష్యంగా కాదు.

అచ్చుకొట్టు · బుధవారం, ఉదయం 6:15

బాబాయ్ గారూ బాధపడకండి. పని ఉన్న చోటికి పనివాడు పోతాడు. మా తాత వాళ్ళ అన్నదమ్ములే ఇద్దరు అచ్చులు మూట కట్టుకుని వేరే ఊళ్ళు పోయారు. పులికాట్‌లో గీసినవాడి చేయి ఎక్కడ నేర్చుకుందో ముద్ర చెప్పదు.

సూదిబెజ్జం · ఆదివారం, సాయంత్రం 6:00

చీటీకి ముసాయిదా రాశాను. డచ్చిలో రాసింది తెలుగులో పెడుతున్నా, తప్పులుంటే చెప్పండి.

‘ఆడవారి జాకెట్. పైగుడ్డ: నూలు, కలంతో గీసి, మైనం పెట్టి రంగులు అద్దినది. భారతదేశం, కోరమాండల్ తీరం, 18వ శతాబ్దం, 1709 తరవాత. వెనక ఇంగ్లిష్ ఈస్ట్ ఇండియా కంపెనీ ముద్ర, సగం. కుట్టు: నెదర్లాండ్స్, 18వ శతాబ్దం, ముందు వేరే రూపంలో వాడిన గుడ్డతో. తరవాత కుడి చంక దగ్గర వదులు చేశారు. ఆకుల్లో పసుపు వెలిసింది, కుడి చేతి మడతలో మిగిలి ఉంది.’

టైలర్_భారతి · ఆదివారం, సాయంత్రం 6:40

‘కుట్టు నెదర్లాండ్స్’ అన్నదానికి ఆధారం?

సూదిబెజ్జం · ఆదివారం, సాయంత్రం 7:05

నార అస్తరు, ఈ ప్రాంతపు కత్తిరింపు. ఇదే కోత ఉన్న యాక్‌లు మా దగ్గరే ఇంకో రెండు ఉన్నాయి, వాటికి ఇచ్చిన ఇళ్ళవాళ్ళ వివరాలున్నాయి. పక్కపక్కన పరిచి చూశాం, వెనక మడతలు ఒకే లెక్క.

రంగులరసాయనం · ఆదివారం, రాత్రి 8:30

‘చిరివేరు’ అని రాయనందుకు మెచ్చుకుంటున్నాను. పరీక్ష జరిగే దాకా రాయకండి. రాలిన పోగుల్ని మాత్రం పారేయకుండా చిన్న గాజు గొట్టంలో వేసి నంబరు రాసిపెట్టండి.

సూదిబెజ్జం · మంగళవారం, రాత్రి 9:50

మేడం ఒప్పుకుంది. ఒకటే మార్చింది, ‘నెదర్లాండ్స్’ తరవాత ‘బహుశా ఫ్రీస్‌లాండ్’ అని చేర్చింది. పోగులు గాజు గొట్టంలో వేశాం. పాత చీటీలు రెండూ తీసేద్దామా అని అడిగితే వద్దంది. ‘పర్షియన్’ చీటీ కూడా పెట్టెలోనే ఉంటుంది, తుప్పు పట్టిన గుండుసూది మాత్రం తీసేశాం.

బాబాయ్ గారూ, మచిలీపట్నం రాయలేకపోయాను, కోపగించుకోకండి.

బందరు_బాబాయ్ · మంగళవారం, రాత్రి 10:02

కోపమేం లేదమ్మా. కోరమాండల్ అంటే అందులో మేమూ ఉన్నాంగా. ఈసారి ఊరొచ్చినప్పుడు చెప్పు, సమాధుల దగ్గరికి తీసుకెళ్తాను. జామచెట్టు మాత్రం లేదిప్పుడు.

టైలర్_భారతి · బుధవారం, ఉదయం 10:15

నాకింకో పని ఉంది నీతో. చేతి పొడవు, మణికట్టు చుట్టు, వెనక మడతలు ఎన్ని, మడత లోతు ఎంతో కొలిచి పంపు. పెడన గుడ్డతో ఒకటి కుట్టి చూడాలనుంది. అచ్చుకొట్టు గారూ, తెల్ల నేల మీద పెద్ద పువ్వు, మూడు మీటర్లు, ఎంతవుతుంది?

అచ్చుకొట్టు · బుధవారం, ఉదయం 10:28

ఆకులు ఏ రంగు కావాలి మేడం, పచ్చనా, నీలమా?